పట్టుబడ్డ తర్వాత మూడు రోజులు

కొడుకు గే అని ఇంట్లో తెలిసిపోతుంది. ఫోన్‌లో ఫొటోనో, వాట్సాప్‌లో ఒక మాటో, జడ్చర్ల బస్టాండులో చూసిన మేనమామో, ఏదో ఒకటి బయటపెడుతుంది. ఆ రాత్రి తిట్లు, ఏడుపులు, దెబ్బలు. ఫోన్ గుంజుకుంటారు. గదికి బయటి నుంచి గొళ్లెం పడుతుంది. మర్నాడు సాయంత్రానికి పిల్లవాడికి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. ఆ తెల్లవారుజామున ఫిట్స్ వస్తాయి. ఇంటివాళ్లలో ఒకరు నాటకమంటారు, ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు ఆ పాడు తిరుగుళ్ల వల్లే మతి పోయిందంటారు. గొళ్లెం పడ్డ రోజే అతనికి కల్లు కూడా బందైందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో గే కుర్రాడో ట్రాన్స్ మనిషో ఇంట్లో పట్టుబడితే రెండు ప్రమాదాలు ఒకే గదిలో, ఒకే మూడు రోజుల్లో వచ్చిపడతాయి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒకటి, అలవాటుపడ్డ మత్తు ఒక్కసారిగా ఆగిపోవడం రెండోది. మొదటిదాని గురించి ఈ మధ్య కాస్తయినా మాట్లాడుకుంటున్నాం. రెండోదాని గురించి పరువు చూసుకునే కుటుంబాలు ఎలాగూ నోరు విప్పవు. హక్కుల కోసం పనిచేసేవాళ్లూ విప్పరు. "ఇప్పటికే మనల్ని తాగుబోతులంటున్నరు, మళ్ల మనమే చెప్పాల్నా?" అని వాళ్ల జంకు. ఆ జంకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. అయినా ఒప్పుకోను. చెప్పకపోవడం వల్ల పోయేది పరువు ఒక్కటే అయితే ఊరుకోవచ్చు, ఇక్కడ పోతున్నవి ప్రాణాలు.

ముందు, ఆ కల్లు అతని బతుకులో ఏ పని చేస్తోందో చూడాలి. అమెరికాకు చెందిన ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో మైనారిటీ స్ట్రెస్ అన్న లెక్కను విడమరిచి రాశాడు. మన మాటల్లో చెప్పుకుంటే, తిట్టూ దెబ్బా ఒక బరువు. అవి ఎప్పుడు పడతాయోనని కాచుకుని ఉండటం ఇంకో బరువు. తనను తాను దాచుకోవడం మూడోది. వాళ్లు తిట్టేదే నిజమేమోనని లోపల్లోపల నమ్మేయడం నాలుగోది. దెబ్బ పడని రోజులే ఎక్కువ ఉంటాయి, కాపలాకు మాత్రం ఒక్కరోజు సెలవుండదు. దేవరకొండలో పొద్దున నల్లగొండ బస్సెక్కిన కుర్రాడికి నడుము ఊగకూడదు, మణికట్టు వంగకూడదు, గొంతు సన్నబడకూడదు. ప్రేమించిన మనిషి నంబరును 'గ్యాస్ ఏజెన్సీ' అని సేవ్ చేసుకోవాలి. మేనత్త సంబంధాల మాట ఎత్తితే సిగ్గుపడ్డట్టు నవ్వాలి. వెనక సీట్లో ఎవరో 'పాయింట్ ఫైవ్' అని, అంటే అటూఇటూ కాని మనిషని, వెక్కిరిస్తే అది తననే అన్నారా అని వినీ విననట్టు వినాలి. సాయంత్రానికి మెడ నరాలు బిగుసుకుపోతాయి. ఒక సీసా పడితే ఆ కాపలా దిగుతుంది.

కల్లు కంపౌండు ఇంకో పని కూడా చేస్తుంది. మగవాళ్లు భుజం మీద భుజం వేసుకుని కూర్చుంటే, పాడితే, ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగని చోటు ఊళ్లో అదొక్కటే. ఆ రాత్రి ఇద్దరి మధ్య ఏదైనా జరిగితే పొద్దున్నే చెప్పుకోవడానికి ఇద్దరికీ ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "నిషాల ఉన్నం, యాదికి లేదు." ఈ అబద్ధం ఇద్దరినీ కాపాడుతుంది. కాకపోతే దానికి ఖరీదుంది. మత్తులో ఉంటేనే దగ్గరయ్యే అలవాటు పడితే మత్తు లేకుండా దగ్గర కావడం చేతకాదు. కండోమ్ మాట రాదు. వద్దనే మాట కూడా రాదు. బోనాలకు చీర కట్టి, శివమెత్తి ఆడే మనిషికి ఊరు సాక పోసి మొక్కుతుంది, తెల్లారి అదే వాడకట్టులో అదే మనిషిని ఆడంగోడంటుంది. రెండు పూటలా చేతిలో ఉన్నది కల్లే.

ఇంతకీ ఏ కల్లు అన్నది అసలు ప్రశ్న. చెట్టు నుంచి దించిన తాటి కల్లులో, ఈత కల్లులో ఆల్కహాల్ సాధారణంగా నూటికి 4, 5 పాళ్లు ఉంటుంది. పులిసేకొద్దీ కాస్త పెరుగుతుంది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఆ లోటును నీళ్లు, శాకరిన్, సిట్రిక్ యాసిడ్ పూడుస్తాయి, కిక్కు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం పడతాయి. జనం మందు కల్లు అనేది దీన్నే. మోకు కట్టుకుని చెట్టెక్కే గౌడన్నను ఈ పౌడర్ వ్యాపారానికి జవాబుదారీ చేయడం అన్యాయం, అది వేరే చర్చ. అల్ప్రాజోలం, డైజోపాం డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని మాత్రలు. కాబట్టి రోజుకు మూడు సీసాల మందు కల్లు తాగే మనిషి సారాకు అలవాటుపడ్డవాడిలా కనిపిస్తాడు గానీ, లోపల అతను నిద్రమాత్రలకు బానిస. ఎన్ని మిల్లీగ్రాములకో అతనికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. అల్ప్రాజోలం నీళ్లలో దాదాపు కరగదు. డ్రమ్ములో పోసి కట్టెతో తిప్పితే పొడి అడుక్కు దిగుతుంది. పైన ముంచిన సీసాకూ అడుగున ముంచిన సీసాకూ పోలిక ఉండదు. నిన్న మూడు సీసాలు తట్టుకున్న మనిషి ఇవాళ రెండింటికే పడిపోవడానికి కారణం ఇదే.

ఆపేస్తే ఏమవుతుందో కూడా ఈ రసాయనమే చెబుతుంది. ఒంట్లోకి పోయిన అల్ప్రాజోలంలో సగం సుమారు 11 గంటల్లో ఖర్చయిపోతుంది. డైజోపాం రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే అల్ప్రాజోలం కల్లు ఆగితే ఒక్క రోజులోనే ఒళ్లు ఎదురుతిరుగుతుంది. డైజోపాం కల్లు ఆగితే రెండు మూడు రోజులు బాగానే ఉన్నట్టుండి, ఇంటివాళ్లు 'మానేసిండు' అని సంతోషించాక, వారం అటూఇటుగా ఫిట్స్ రావచ్చు. ఆల్కహాల్ వైపు నుంచి చూస్తే చివరి గుక్క తర్వాత 6 గంటల నుంచి వణుకు, చెమట, వాంతులు, గుండె దడ. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అసలు గండం: పగలో రాత్రో తెలియదు, లేని పురుగులు కనిపిస్తాయి, దుప్పటి పోగులు పీకుతుంటాడు, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీన్ని డెలీరియం అంటారు. వైద్యం అందకపోతే మనిషి పోతాడు.

దీన్ని తెలంగాణ రెండుసార్లు కళ్లారా చూసింది. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం ఒక్కసారిగా విరుచుకుపడ్డప్పుడు పాలమూరులో, నిజామాబాద్‌లో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసేస్తే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి వాళ్లే బారులు కట్టారు. అప్పుడు వార్తలు చూసిన ప్రతివాడికీ అది కల్లు ఆగడం వల్లేనని అర్థమైంది. అదే రోగం ఒక్క ఇంట్లో, గొళ్లెం పెట్టిన గదిలో, గే అని తెలిసిన కొడుక్కు వస్తే మాత్రం దయ్యమైపోతుంది.

ఆ తలుపు తెరిపించడమెలా అన్నది మిత్రులు అడిగే మొదటి ప్రశ్న. నా సలహా ఒకటే. 'వాడి ఇష్టం వాడిది, హక్కులున్నాయి' అని ఆ రాత్రి వాదానికి దిగొద్దు. ఆ మాట నిజమే, కానీ ఆ రాత్రి అది తలుపు తెరవదు. అక్కకో, చిన్నమ్మకో, ఇంట్లో కాస్త మెత్తగా ఉండే మనిషికో ఫోన్ చేసి వైద్యం మాటే చెప్పండి: "అక్కా, వానికి రోజూ కల్లు అలవాటుంది. ఒక్కసారే ఆపితే ఫిట్స్ వస్తయ్, పానం పోతది. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి." పరువు గురించి భయపడే ఇంట్లో కూడా 'కల్లు' అన్న మాటకు సిగ్గు తక్కువ. ఊరంతా తాగేదే కదా. అలా తలుపు తెరుచుకుంటే మనిషి ముందు డాక్టర్ చేతిలో పడతాడు. మిగతా వాదం బతికుంటే చేసుకోవచ్చు.

దవాఖానకు చేరేలోపు పూర్తిగా ఆపేయించొద్దు. ఈ మాట చాలామందికి మింగుడుపడదు. కానీ అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపడమే ఎక్కువ ప్రమాదం. మెలకువగా, స్పృహలో ఉండి వణుకుతున్న మనిషికి ప్రయాణం ఆలస్యమయ్యేటట్టుంటే రోజూ తాగేదాంట్లో కొంత తాగనివ్వడం అతన్ని చెడగొట్టడం కాదు. మగతగా ఉన్నా, వాంతులవుతున్నా, అయోమయంగా మాట్లాడుతున్నా మాత్రం నోట్లో నీళ్లు కూడా పోయకూడదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద తువ్వాల పెట్టాలి, టైం చూడాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం ఏవీ వద్దు. చెంచా వల్ల పళ్లు విరిగి గొంతులో పడతాయి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి స్పృహ రాకముందే ఇంకోటి మొదలైనా 108కి చేయాలి. చేతులు కాళ్లు కట్టేసి ఆటోలో వేస్తే ఊపిరాడక పోయే ప్రమాదం వేరే ఉంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి సెలైన్ ఎక్కించడం. 'నీరసం, రెండు బాటిళ్లు ఎక్కిస్తే లేస్తడు' అంటారు. రోజూ తాగేవాళ్లకు బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కొంచెం బీ1 కూడా ఖర్చై మెదడు దెబ్బతింటుంది. కళ్లు అటూఇటూ కొట్టుకుంటాయి, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. దాన్ని ఇంట్లో ఇంకా మత్తు దిగలేదనుకుంటారు. అందుకే థయామిన్ ఇంజెక్షన్ గ్లూకోజ్‌కు ముందో, దానితో పాటో పడాలి. షుగర్ పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆపమని కాదు, థయామిన్ మరవద్దని. ఆర్‌ఎంపీ చేసే రెండో పని నిద్ర కోసం 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం మాత్ర చేతిలో పెట్టడం. కల్లులో ఉన్నది మాత్ర రూపంలో మళ్లీ వచ్చిందన్నమాట, ఈసారి మెడికల్ షాపు నుంచి.

మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. అనుబంధ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. అక్కడ డాక్టర్‌కు చెప్పాల్సినవి నాలుగు ముక్కలు: రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరి సీసా ఏ పూట, వేరే ఏ మాత్రలు వాడుతున్నాడు. మందు కల్లేనని గట్టిగా చెప్పాలి. 'కల్లు' అని ఊరుకుంటే ఆల్కహాల్ లెక్కే వేస్తారు. విస్కీ అయితే లెక్క తేలిక. 30 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్, క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు కాబట్టి 60 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసాలో 40 గ్రాములకు పైనే. మందు కల్లుకు ఇలాంటి లెక్క లేదు కాబట్టి డాక్టర్ మనిషిని చూస్తూ డోసు కడతాడు. డైజోపాం కానీ క్లోర్‌డయజిపాక్సైడ్ కానీ ఇచ్చి, లివర్ దెబ్బతిన్నట్టుంటే లోరాజిపాం ఇచ్చి, మెల్లగా దించుతారు. స్థూలంగా 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం 10 మిల్లీగ్రాముల డైజోపాంకు సమానం. ఏళ్ల తరబడి అలవాటైన చోట రెండు వారాలకోసారి పదో వంతు చొప్పున తగ్గించడానికి నెలలు పట్టవచ్చు. వారంలో తేల్చేస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

గే అనో ట్రాన్స్ అనో చెప్పాలా? కల్లు విరుగుడు వైద్యానికి చెప్పాల్సిన అవసరం లేదు. హార్మోన్లు వాడుతున్నా, హెచ్‌ఐవీ మందులు వాడుతున్నా తప్పక చెప్పాలి, మందుల మధ్య పేచీ ఉంటుంది కాబట్టి. చెప్పేటప్పుడు తండ్రిని కాసేపు బయటికి పంపమని అడగొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెప్పింది గుట్టుగా ఉంచడం వైద్యుడి బాధ్యత. 18వ సెక్షన్ లైంగికత, జెండర్ ఆధారంగా వివక్ష కూడదంటుంది. కేస్ షీట్ మీద పెద్దక్షరాలతో రాసి మంచానికి తగిలించే చోట్లున్నాయి. 'షీట్‌లో రాయాలంటే రాయండి, వార్డులో చదవొద్దు' అని ముందే చెప్పడం మేలు.

ఇక మొదటి ప్రమాదం, చచ్చిపోవాలన్న ఆలోచన. మన జిల్లాల్లో పత్తి చేలున్న ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది, గడ్డిమందు ఉంటుంది. ఆ మూడు రోజులు అవి ఇంట్లో ఉండకూడదు. తాళం వేసిన పెట్టెలో పెట్టడం కంటే పక్కింటికో చేని కొట్టానికో పంపడం మంచిది. తాళంచెవి ఎక్కడుందో ఇంటి మనిషికి తెలియకుండా ఉండదు. పారాక్వాట్ గడ్డిమందుకు విరుగుడు లేదు, రెండు గుక్కలు చాలు. చచ్చిపోవాలన్న ఉప్పెన చాలామందిలో కొన్ని గంటల్లో తగ్గుతుంది, ఆ గంటల్లో చేతికి ఏది అందుతుందన్నదే తేడా. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పోసి వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బా పట్టుకుని 108లో వెళ్లాలి. 'సచ్చిపోవాలనిపిస్తుందా? ఎట్ల అనుకున్నవ్?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అబద్ధం. ఎలా చావాలో ఆలోచించి పెట్టుకున్నానంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. అదే 2017 చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది, శిక్షించకూడదంటుంది. 14416, ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్, తెలుగులో పగలూ రాత్రీ పలుకుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడే చేయాలన్నది మాత్రం గుర్తుండాలి.

కుటుంబం చేతిలో ఉన్న మందులు రెండు: పెళ్లి, డీ-అడిక్షన్ సెంటర్. పెళ్లి గురించి ఎక్కువ రాయను. ఏమీ తెలియని ఒక ఆడపిల్లను తెచ్చి అదే గదిలో పెట్టి మళ్లీ గొళ్లెం వేయడమది. తాగుడు దానివల్ల పెరుగుతుంది గానీ తగ్గదు. సెంటర్ల గురించి చెప్పాలి. మంచివి ఉన్నాయి, కానీ రాత్రికి రాత్రి బండి పంపి మనిషిని ఎక్కించుకుపోయేవి ఉన్నాయి. 'తాగుడు, ఆ అలవాటు రెండూ మాన్పిస్తం' అని ఒకే ఫీజు మీద ఒప్పుకునేవి ఉన్నాయి. రెండోది వైద్యమే కాదు. స్వలింగ ఆకర్షణ రోగమన్న మాటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసింది. 2021లో మద్రాసు హైకోర్టు ఆదేశాల తర్వాత, 2022లో జాతీయ వైద్య కమిషన్ ఈ 'మార్చే వైద్యం' చేయడం డాక్టర్ వృత్తి ధర్మానికి విరుద్ధమని తేల్చింది. కాబట్టి సెంటర్ గేటు దగ్గర అడగాల్సినవి: రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ నంబరేది, సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు వస్తాడు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు, ట్రాన్స్ మహిళను ఏ వార్డులో ఉంచుతారు, జుట్టు కత్తిరిస్తారా. చివరి ప్రశ్నకు తడబడితే తిరిగి వచ్చేయండి. ఇష్టం లేకుండా చేర్చుకోవాలన్నా అదే 2017 చట్టం 89వ సెక్షన్ షరతులున్నాయి. ఒక సైకియాట్రిస్ట్, ఇంకో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. మగవాళ్లయితే 7 రోజుల్లో, ఆడవాళ్లయితే 3 రోజుల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. తండ్రి సంతకం ఒక్కటే చాలదు.

ఇంకో దొంగ వైద్యం ఉంది. తెలియకుండా కూరలో కలిపే 'తాగుడు మాన్పించే పొడి'. అందులో డైసల్ఫిరాం ఉంటే, ఆ మాట తెలియని మనిషి బయట తాగి వస్తే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, గుండె కూడా ఆగవచ్చు. ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. డాక్టర్ చెప్పి, మనిషి ఒప్పుకుని వేసుకుంటే అది మందు, దాచి వేస్తే విషమే.

హైవే మీద బతికే ట్రాన్స్ మహిళల లెక్క కొంచెం వేరు. నార్కట్‌పల్లి నుంచి కోదాడ దాకా 65వ నంబర్ రోడ్డు, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబర్ రోడ్డు. సాయంత్రం పనికి బయల్దేరేముందు ఒక క్వార్టర్, లారీవాడి ముందు బెరుకు పోవడానికి. ఆడమనిషిగా మారే ఆపరేషన్ సరిగా జరగని చోట నొప్పికీ అదే మందు. జమాత్‌లో, అంటే ట్రాన్స్ మహిళలు కలిసి బతికే కుటుంబంలో, గురువు తాగొద్దంటే శిష్యురాలైన చేలా మానదు, తాగకుండా ఆ పని చేయడమెలాగో గురువు కూడా చెప్పలేదు. చాలామంది ఒంట్లో మార్పు కోసం గర్భనిరోధక మాత్రలు రోజుకు రెండు, మూడు వేసుకుంటారు. అందులోని ఇథినైల్ ఎస్ట్రాడయాల్ రక్తం గడ్డ కట్టిస్తుంది, బీడీ, సిగరెట్ తోడైతే మరీ. ఒక కాలు వాచి నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది తాగుడు నీరసం కాదు, ఆసుపత్రి పని. అదే మాత్రలోని లెవోనోర్‌జెస్ట్రెల్ మగ హార్మోన్‌లా పనిచేసే గుణమున్నది, కోరుకున్న మార్పుకు అడ్డం. మగ హార్మోన్‌ను అణచే స్పిరోనోలాక్టోన్ వాడుతూ తాగితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 'తాగిన రోజు మాత్ర వేసుకోవద్దు' అన్న నమ్మకం గట్టిగా ఉంది. హెచ్‌ఐవీ వైద్యం చేసే ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చే టీఎల్‌డీ మాత్రను తాగినా వేసుకోవాల్సిందే. తాగినందుకు కాదు, మాత్ర మానినందుకే వైరస్ లేస్తుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా కనపడదు. అమ్మాయిని ప్రేమించిన అమ్మాయికి కంపౌండుకు పోయే దారి లేదు, అమ్మ నిద్రమాత్రల స్ట్రిప్పే ఆమె కల్లు. మాత్రల లెక్క తగ్గుతోందా అని చూసుకోవాల్సింది ఇల్లే.

2021లో హైదరాబాద్ నారాయణగూడలో తెరిచిన మిత్ర్ క్లినిక్ దేశంలోనే ట్రాన్స్ మనుషుల కోసం వచ్చిన మొదటి క్లినిక్కుల్లో ఒకటి. అమెరికా నిధులు ఆగగానే 2025 జనవరిలో మూతపడింది. ఎక్కడో ఉన్న ప్రభుత్వం సంతకం మారిస్తే మన మందు ఆగిపోతుంది. అందుకే ప్రత్యేక క్లినిక్కులు ఉంటే మంచిదే గానీ, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రి ఓపీలో చిట్టీ రాసే మనిషి 'ఆడనా, మగనా' అని గట్టిగా అరవకుండా ఉండటం నాకు అంతకంటే ముఖ్యం.

నాలుగో రోజుకు వణుకు తగ్గుతుంది, నిద్ర పడుతుంది. దిగులు మాత్రం ఉంటుంది. అందులో కొంత తాగుడు వల్ల వచ్చినదైతే మూడు, నాలుగు వారాలు మానితే దానంతటదే పలచబడుతుంది. ముందు నుంచే ఉన్నదైతే, లేదా నెల దాటినా పోకపోతే ఎస్సిటలోప్రాం, సెర్ట్రలీన్ లాంటి దిగులు తగ్గించే మందులు రాస్తారు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కొందరికి కంగారు పెరుగుతుంది. ఐదో రోజునే 'పనిచేస్తలేదు' అని మానేసేవాళ్లు ఎక్కువ. డిశ్చార్జి రోజు నెల మాత్రలు ఒకేసారి తీసుకోకండి, వారానికి సరిపడా చాలు. అవి తండ్రి దగ్గర ఉంటే కొట్లాటకు ఆయుధమవుతాయి, రోగి దగ్గరే ఉంటే ఒకే రాత్రి మింగే వీలుంటుంది. అక్క దగ్గరో, నమ్మకమున్న మిత్రుడి దగ్గరో, గురువు దగ్గరో పెట్టి రోజుకొకటి ఇప్పించాలి. మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ ఆ మనిషి చేతికే ఇవ్వాలి. గుంజుకున్న ఫోన్‌ను అదే రోజు తిరిగి ఇచ్చేయాలి, అందులో 'గ్యాస్ ఏజెన్సీ' నంబరు చెరపకుండా.